కరెంటు స్తంభం మీద తీతువు

తీతువు పిట్ట చెట్టెక్కదని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. చొప్పదండి దగ్గరి మా చెలకల్లో ఎండాకాలం వచ్చిందంటే అవి రెండు మూడు జతలు తిరుగుతుండేవి. పొడవాటి పసుపుపచ్చ కాళ్లు, కళ్ల ముందు ఎర్రటి తోలు, నల్లటి మెడ, తెల్లటి పొట్ట. గులకరాళ్ల మధ్య గులకరాళ్లలాంటి గుడ్లు పెట్టి, మనిషి ఎంతో దూరాన ఉండగానే లేచి, టిట్టీ టిటిట్టీ అని అరుస్తూ నెత్తి మీద చుట్టూ తిరిగేవి. బాపు దున్నుతున్నప్పుడు గుడ్లు కనబడితే నాగలి ఎత్తి పట్టుకుని, ఆ జానెడు నేల వదిలేసి అవతల దించేవాడు. గట్టు మీద తుమ్మచెట్లు ఉండేవి. వాటి మీద కాకి వాలేది, పాలపిట్ట వాలేది. తీతువు వాలగా నేను ఒక్కసారి కూడా చూడలేదు.

అందుకే ఆ పొద్దున వేపపుల్ల నోట్లో పెట్టుకుని క్వార్టర్ ముందుకు వచ్చిన వాణ్ణి అలాగే నిలబడిపోయాను. మా వరుసకు చివరన ఉన్న కరెంటు స్తంభం మీద, తీగలను మోసే అడ్డపట్టీ మీద, తీతువు నిలబడి ఉంది. నిలబడి ఊరుకోలేదు. గొంతు చించుకుని అరుస్తోంది.

అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి మూడు నాలుగేళ్లయి ఉంటుంది. నేను ఆదిలాబాద్ జిల్లాలో ఒక బొగ్గుగనుల ఊళ్లో సర్వే సెక్షన్‌లో పనిచేస్తున్నాను. గనుల పైనున్న నేలను, కొత్తగా లేచే కట్టడాలను, గుట్టల్లా పెరిగే మట్టికుప్పలను కొలిచి మ్యాపులోకి ఎక్కించడం మా పని. పెళ్లి కాలేదు. ఒక గది, ఒక వంటిల్లు ఉన్న క్వార్టర్‌లో ఒక్కణ్ణే ఉండేవాణ్ణి.

పిట్టల మీద పిచ్చి నాకు అక్కడే పట్టింది. పట్టించినవారు దవాఖాన డాక్టరు. హైదరాబాదు మనిషి, యాభై దాటినవారు, ఇల్లూ సంసారం అంతా హైదరాబాదులోనే వదిలి ఒక్కరే ఉండేవారు. ఆదివారం పొద్దున్నే మెడలో దుర్బీను వేసుకుని సైకిల్ మీద ఊరి బయట మైదానాలకు పోయేవారు. జ్వరానికి మందు కోసం వెళ్లి నేను ఆయన టేబుల్ మీదున్న పిట్టల నోటుబుక్కు తిరగేశాను. అదే పరిచయం. తర్వాతి ఆదివారం నుంచి నా సైకిలు కూడా ఆయన వెనకే. నాకు బొమ్మలు గీయడం వచ్చు కాబట్టి ఆయన నోటుబుక్కులో బొమ్మల పని నాది.

ఆ రోజే దవాఖానకు వెళ్లి చెప్పాను. ఆయన రోగి నాలుక చూస్తూనే తల అడ్డంగా ఊపారు.

"నై భాయ్. గది కొంగ అయి ఉంటది."

"కొంగ కాదు డాక్టర్ సాబ్. అరిచింది గద."

"తీతువ జమీన్ మీది పిట్ట. కొమ్మను పట్టాల్నంటె ఎనక వేలు గట్టిగ ఉండాలె. దీనికి ఎనక వేలు ఉన్నదంటె ఉన్నది, లేదంటె లేదు. ఇరవై ఏండ్ల సంది చూస్తున్న నేను. గోడ మీద గూడ చూడలే."

ఆయన మాటకు ఎదురు చెప్పేంత చనువు నాకు లేదు. ఆదివారం వచ్చి చూడమని మాత్రం అడిగి వచ్చేశాను.

నాకు వింతగా కనిపించింది మా పక్క క్వార్టర్‌లో మరోలా కనిపించింది. ఆ ఇంట్లో ఉన్నది గనిలో బొగ్గు నింపే ఫిల్లరు, ఆయన భార్య. జగిత్యాల దిక్కు నుంచి వచ్చినవాళ్లు. ఆయనను నేను అన్నా అనేవాణ్ణి, ఆమెను వదినె అనేవాణ్ణి. ఒక్కణ్ణే ఉంటానని ఆమె కూర చేసినప్పుడల్లా గిన్నెడు నాకు పంపేది. తీతువు ఇంటి మీదుగా కూస్తూ పోతే ఆ ఇంట్లో చావు అంటారని మా దిక్కున అందరికీ తెలిసిందే. మా అవ్వ కూడా ఆ కూత వినబడితే "పో, పో, నీ నోట్ల మన్నువడ" అని తిట్టేది. కాని వదినెకు అది ఉత్త మాట కాదు. రెండేళ్ల కిందట ఆమె సొంత అన్న అదే గనిలో పైకప్పు బండ విరిగి మీద పడి చనిపోయాడు. ఆ రోజు తెల్లవారుజామున, అతను షిఫ్టుకు పోతుంటే, ఇంటి మీద తీతువు కూసిందట. ఆమె విన్నది. విని కూడా ఆపలేదు. ఆ సంగతి ఆమె నాతో ఎన్నడూ చెప్పలేదు. ఆమె భర్త చెప్పాడు.

ఇప్పుడు ఆ పిట్టే వచ్చి, ఎగిరిపోకుండా, ఇంటి ఎదురుగా స్తంభం ఎక్కి కూస్తోంది.

మొదటి రోజు ఆమె మొగుణ్ణి పనికి పోనీయలేదు. రెండో రోజు కూడా పోనీయలేదు. మూడో రోజు ఆయన డ్యూటీ బట్టలు వేసుకుని బయలుదేరితే గడపకు అడ్డంగా కూర్చుంది. నేను నా వాకిట్లో సైకిలు తుడుచుకుంటున్నాను.

"మల్లొక్క నాగా అయితె సర్దార్ ఊకోడే," అన్నాడు ఆయన. నాగా అంటే చెప్పకుండా పని మానడం. సర్దార్ అంటే గనిలో వాళ్ల చేత పని చేయించేవాడు. "నిన్ననే అడిగిపిచ్చిండు."

"అడగనీ. మనిషుంటె నౌకరి ఇంకోటి దొరుకుతది."

"పిట్ట కూసిందని ఎన్ని దినాలు ఇంట్ల కూసోవాలె?"

"గది పోయినంక పో. నేనొద్దంటనా?"

ఆయన నా వైపు చూశాడు. చదువుకున్నవాణ్ణని వాళ్లకు నా మీద గురి. కాని ఆ పిట్ట స్తంభం ఎందుకు ఎక్కిందో నాకూ తెలియదు. నేలమీద తిరగాల్సిన పిట్ట పైకెక్కి కూస్తోందంటే ఏదో కారణం ఉండాలన్నది మాత్రం వాళ్లకూ తోచింది, నాకూ తోచింది. వాళ్లకు తోచిన కారణం వేరు, అంతే.

సాయంత్రం ఆయన గులేరు సంపాదించుకొచ్చాడు. రబ్బరు బాగా సాగదీసి రెండు రాళ్లు వదిలాడు. ఒకటి తీగను పట్టి ఉంచే పింగాణీ గిన్నెకు తగిలి కణ్ణుమంది. పిట్ట లేచి ఒక చుట్టు తిరిగి మళ్లీ అక్కడే దిగింది. దిగేటప్పుడు మొదట తీగ మీద కాలు పెట్టింది. తూలింది, రెక్కలు విప్పుకుని తంటాలుపడి, పక్కనే ఉన్న అడ్డపట్టీ మీదికి మారింది. డాక్టరు చెప్పిన వెనక వేలి సంగతి నాకప్పుడు కళ్లారా కనిపించింది. కరెంటు తీగలు తెగితే పెద్ద గొడవవుతుందని చెప్పి గులేరు మాన్పించాను. ఆదివారం డాక్టరు వస్తారు, అప్పటిదాకా ఆగమన్నాను. పిట్ట సంగతికి డాక్టరెందుకో ఆయనకు అర్థం కాలేదు గాని, ఆగాడు.

ఆదివారం డాక్టరు వచ్చారు. సైకిలు దిగుతూనే పైకి చూశారు. పిట్ట అక్కడే ఉంది. ఆయన దుర్బీను ఎత్తి, దించి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ ఎత్తారు. తర్వాత నా వైపు తిరిగి చెయ్యి పట్టుకుని ఊపారు.

"మాఫ్ కరో భాయ్. నువ్వే సరిగ్గ చూసినవ్. నేను చూడకుండనే మాట్లాడిన."

నేను స్టూలు తెచ్చి వేశాను. ఆయన కూర్చుని నోటుబుక్కు తీశారు. ముఖం వెలిగిపోతోంది. పిట్ట కూసినప్పుడల్లా వాచీ చూసి రాస్తున్నారు, నవ్వుకుంటున్నారు. పక్క వాకిట్లో వదినె చేటలో బియ్యం ఏరుతూ ఇదంతా చూస్తోంది. కొంతసేపటికి చేట కింద పెట్టి లేచింది.

"మా ఇంటి మీదికి సావొచ్చి కూసున్నదని నాకు తిండి వోతలేదు. సారు నవ్వుకుంట రాసుకుంటుండు. ఏం మనుషులయ్యా మీరు?"

డాక్టరు పెన్ను ఆపి నా వైపు చూశారు. నేను మెల్లగా ఆమె అన్న చనిపోయిన సంగతి చెప్పాను. ఆయన స్టూలు మీంచి లేచారు. ఆ ప్రమాదం జరిగిన రోజు గని దగ్గరికి వెళ్లిన డాక్టరు ఆయనే. నాకది అప్పటికి తెలియదు. ఆమెకు గుర్తుందో లేదో ఆమె చెప్పలేదు.

"గలతీ అయింది బిడ్డా," అన్నారు ఆయన. "నాకు పిట్ట గురించే తెలుసు. నీ గురించి తెల్వది."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆయన నోటుబుక్కు మూసేసి, చాలా మామూలుగా అడిగారు. "ఎప్పటి సంది కూసుంటున్నది గిది?"

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. చెప్తూ పోయింది. మేమిద్దరం నోరు తెరుచుకుని విన్నాం.

"ఇయ్యాల్టికి ఆరు దినాలు. పొద్దుగాల మొదటి సైరన్‌కు ముందే వస్తది. ఎండ నెత్తి మీదికి వచ్చేదాకుంటది. మల్ల పోతది, ఇంకోటొస్తది."

"ఇంకోటా?"

"ఒక్కటి కాదు సారూ, రెండు. ఒకదానికి రెక్కల ఒక ఈక ఊడింది, ఎగిరితె సందు కనవడ్తది. గిది పోయి జరసేపైనంకనే గదొస్తది. రెండు ఒక్కపారి కూసోవు. మనిషి ఇట్ల నడిచిపోతె కూయది. స్టోరు దిక్కు ఎవలన్న పోతెనే లొల్లి చేస్తది. కుక్క పోయినా గంతే. మొకం ఎప్పుడు గా స్టోరు దిక్కే పెడ్తది."

"మీ ఇంటి దిక్కు పెట్టదా?" అన్నాను నేను.

ఆమె స్తంభం వైపు చూసింది. పిట్ట వీపు మా వరుస వైపు ఉంది.

"పెట్టదు," అంది నెమ్మదిగా. "గది నేను ఇచారం జెయ్యలే."

ఆరు రోజులుగా భయంతో ఆమె దాని మీంచి కన్ను తిప్పలేదు. ఇరవై ఏళ్లుగా పిట్టలను చూస్తున్న డాక్టరు గాని, స్తంభం కిందే ఉంటున్న నేను గాని అంత చూడలేదు. నేను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసి బొమ్మ గీసుకున్నాను. అది ఒక పిట్టో రెండో కూడా నాకు తెలియదు. డాక్టరు నోటుబుక్కు మళ్లీ తెరిచి, ఆమె చెప్పినదంతా మొదటి నుంచి చెప్పించుకుని రాసుకున్నారు.

స్టోరు అంటే గనికి కావాల్సిన సామాన్లు పెట్టే గోదాము. క్వార్టర్లకు వంద గజాల దూరంలో ఉంటుంది. చదునైన కప్పు, చుట్టూ మూరెడు పిట్టగోడ. కింద నుంచి కప్పు మీద ఏముందో కనిపించదు. మరునాడు మాకు మట్టికుప్ప మీద కొలతల పని పడింది. గని లోంచి తీసిన రాయి, మట్టి పోసి పోసి అది గుట్టంత అయింది. దాని మీదికెక్కి థియోడలైట్ నిలబెట్టాను. థియోడలైట్ అంటే మూడు కాళ్ల మీద నిలబెట్టి కోణాలు కొలిచే దుర్బీను. అప్పటి థియోడలైట్లలో అంతా తలకిందులుగా కనిపించేది. మనుషులు ఆకాశంలో కాళ్లు పెట్టి నడిచేవారు. అలవాటయితే అది తలకిందులని కూడా గుర్తుండదు.

పని అయ్యాక దాన్ని స్టోరు కప్పు వైపు తిప్పాను. ఎండ తగ్గడానికని కప్పు మీద కంకర పరిచారు. ఆ కంకరలో, నడిమధ్య, తీతువు కూర్చుని ఉంది. నోరు తెరిచి ఎగపోస్తోంది. కొంతసేపటికి లేచి ఎగిరిపోయింది. అది కూర్చున్న చోట మచ్చల గుడ్లు కనిపించాయి. నాలుగు. స్తంభం మీది పిట్ట వెంటనే వచ్చి గుడ్ల మీద రెక్కలు కాస్త విప్పి నీడలా నిలబడింది. ఎగిరిపోయినది గని నీళ్లు వదిలే గుంట దగ్గర దిగి, పొట్ట తడుపుకుని తిరిగి వచ్చింది. ఆ తడి పొట్టతో గుడ్ల మీద కూర్చుంది. రెండోది మళ్లీ స్తంభమెక్కింది.

స్టోరు పక్క మైదానంలోనే పోయినేడు తీతువులు గుడ్లు పెట్టడం డాక్టరూ నేనూ చూశాం. ఈ ఏడు ఆ మైదానమంతా కొత్త క్వార్టర్లకు పునాదులు తవ్వారు. కంకర కనిపించిన చోట అవి గుడ్లు పెట్టుకున్నాయి. అది కప్పు అయింది. కప్పు మీద నిలబడితే పిట్టగోడ అడ్డం వచ్చి, కింద ఎవరు వస్తున్నారో కనిపించదు. స్తంభం మీది నుంచి కనిపిస్తుంది. నాకు అర్థమైంది అంతే. తర్వాత డాక్టరు కూడా అదే రాశారు.

సాయంత్రం పరికరాలు ఆఫీసులో అప్పజెప్పాల్సింది. అప్పజెప్పకుండా మా సర్వేయరును బతిమాలి ఒక గంట అడిగాను. పిట్ట కోసమంటే నవ్వాడు గాని కాదనలేదు. అన్ననూ వదినెనూ మట్టికుప్ప మీదికి తీసుకెళ్లాను. ఆమె మొదట రానంది. ఆయనే చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. థియోడలైట్‌కు కన్ను ఆనించి చాలాసేపు ఆమెకు ఏమీ కనిపించలేదు. ఒక కన్ను మూయాలని చెప్పాను. మూసింది. ఒక్కసారిగా వెనక్కి జరిగింది.

"తలకిందికి కూసున్నదేంది?"

"దుర్బీను గట్ల చూపిస్తది వదినె. పిట్ట సక్కగనే ఉన్నది."

మళ్లీ ఆనించింది. ఈసారి కదలలేదు. కాసేపటికి, "గుడ్లున్నయి," అంది. ఇంకాసేపటికి, "గంత ఎండల ఎట్ల కూసుంటున్నదో," అంది. భర్త తనకూ చూపించమని భుజం తట్టినా తప్పుకోలేదు.

దిగి వస్తుంటే దారిలో ఆగి నన్ను అడిగింది.

"గిది గుడ్ల కోసం కూస్తున్నది. మంచిదే. మరి గప్పుడు మా అన్న పోయిన దినం ఎందుకు కూసింది తమ్మీ?"

"గప్పుడు గూడ ఎక్కడనో గుడ్లుండొచ్చు వదినె," అన్నాను.

ఆమె తల ఊపింది. ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు. నిజానికి ఆ రోజు ఎందుకు కూసిందో ఎవరికి తెలుసు.

మరునాడు అన్న మొదటి షిఫ్టుకు వెళ్లాడు. ఆమె గడప దగ్గర నిలబడింది గాని అడ్డం కూర్చోలేదు. ఆయన తిరిగి వచ్చేదాకా లోపలికి మాత్రం పోలేదని తర్వాత ఆయనే చెప్పాడు. సర్దార్ నాలుగు మాటలని ఊరుకున్నాడు.

రెండు వారాల తర్వాత ఒక పొద్దున వదినె నా తలుపు కొట్టింది. "రెండు పిట్టలు గూడ కప్పు గోడ మీదనే ఉన్నయి. స్తంభం మీద లేవు. ఏమో అయింది పో," అంది. స్టోరు గోడకు నిచ్చెన వేసి ఎక్కి చూశాను. పిల్లలు బయటికి వచ్చాయి. తీతువు పిల్లలు పుట్టిన పూటే నడుస్తాయి, తమ తిండి తామే ఏరుకుంటాయి. ఆ కప్పు మీద ఏరుకోవడానికి పురుగూ లేదు, నీళ్లూ లేవు. పిట్టగోడ దాటి దూకడం వాటివల్ల కాదు. నేను దవాఖానకు పరుగెత్తాను.

డాక్టరు చేతులెత్తి వద్దన్నారు. "ముట్టుకోకుర్రి. తల్లి ఎట్ల దించుకుంటదో చూద్దాం. గిసువంటిది ఎవ్వరు చూసి రాయలే ఇప్పటిదాంక."

"దించుకోకపోతె?"

"గది గూడ రాయాల్సిందే."

ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. మధ్యాహ్నం దాకా ఆగాను. వదినె స్టోరు పక్కనే కప్పంత ఎత్తు పేర్చిన కొత్త క్వార్టర్ల ఇటుకల కుప్ప ఎక్కి నిలబడి చూస్తోంది. "ఒకటి కదుల్తలేదు," అంది. కొంతసేపటికి, "సచ్చిపోయింది," అంది. షిఫ్టు దిగి వచ్చిన అన్న స్నానం కూడా చేయకుండా, నల్లటి ఒంటితోనే, బొగ్గు ఎత్తే తట్ట తీసుకుని నిచ్చెన దగ్గరికి నడిచాడు. నేను వెనకే ఎక్కాను. ఒక పెద్ద పిట్ట వచ్చి ఆయన నెత్తి మీద తన్నినంత పని చేసింది. ఆయన తల వంచుకుని, ఒక్కొక్క పిల్లనే గోడ మూలల్లోంచి తీసి తట్టలో వేశాడు. మూడు. నాలుగోది అప్పటికే ఎండిపోయింది. పునాదుల అవతల తవ్వకుండా మిగిలిన నేల మీద, నీళ్లగుంట దగ్గర తట్ట బోర్లించి దూరం జరిగాం. పావుగంట అరుపుల తర్వాత పెద్దవి రెండూ నేలమీదికి దిగాయి. పిల్లలు వాటి కాళ్ల కిందికి దూరాయి.

ఆ తర్వాత అవి స్తంభం ఎక్కగా ఎవరూ చూడలేదు.

డాక్టరు రెండు ఆదివారాలు నన్ను పిలవలేదు. మూడో ఆదివారం మా ఇంటి ముందు సైకిలు గంట వినిపించింది. బయటికి వచ్చేసరికి ఆయన పక్క వాకిట్లో స్టూలు మీద కూర్చుని ఉన్నారు. వదినె తేదీ లేకుండా, పండుగలూ సంతలూ ఆనవాళ్లుగా పెట్టుకుని, తాను చూసినదంతా చెబుతోంది. ఆయన రాసుకుంటున్నారు. నన్ను చూసి, "బొమ్మలు తీసుకురా," అన్నారు. అంతే. ఆ సంగతి మా మధ్య మళ్లీ రాలేదు.

ఆయన దాన్ని ఇంగ్లిషులో రాసి, పిట్టల సంగతులు వేసే ఒక పత్రికకు నా బొమ్మలతో పంపారు. చాలా నెలలకు అరపేజీ కూడా నిండని నోటు అచ్చయింది. బొమ్మలు వేయలేదు. డాక్టరు ఆ పత్రిక తెచ్చి వదినె వాకిట్లో కూర్చుని తెలుగులో చదివి వినిపించారు. ఆమె దంచుతున్న పసుపు ఆపి విన్నది. పిట్టలు స్తంభం మీద పొద్దంతా ఉండేవన్న చోట అడ్డం వచ్చింది.

"పొద్దంత కాదు సారూ. నెత్తి మీదికి ఎండొచ్చినప్పుడు జరసేపు స్తంభం ఖాళీ. రెండు గుడ్ల కాడనే ఉండేవి. మీకు చెప్పిన గద."

డాక్టరు నోటుబుక్కు వెతికి చూసుకున్నారు. ఆమె చెప్పింది అందులో ఉంది. ఆయనే వదిలేశారు. జేబులోంచి పెన్ను తీసి, అచ్చయిన పేజీ పక్కన దిద్దుకున్నారు.

తర్వాత నేను ఆమెను ఒకసారి అడిగాను, ఇప్పుడు ఆ కూత వింటే భయమేమీ లేదు గదా అని.

"ఎందుకు లేదు? గుండె జల్లుమంటనే ఉంటది," అంది. "కాని లేసి బయటికొచ్చి చూస్త, ఎక్కడ కూసున్నదో, మొకం ఏ దిక్కు పెట్టిందో."